తాతల వలపు, మనుమల పెండ్లి

జపాను మాంగాలలోని పెండ్లిచూపుల కథలు అర్ధశతాబ్దముగా ఒకే ప్రశ్నను వేయుచున్నవి: ఇంటి మాట నిలుపవలెనా, మనసు మాట వినవలెనా?

జుట్టున పెద్ద రిబ్బను ముడి, పాదములదాక జారు హకామా, కాళ్ళకు తోలు బూట్లు, చేత సైకిలు పిడి: ఈ వేషముతో 1910ల చివరి టోక్యో వీథులలో దూసుకొనిపోవు పదునేడేండ్ల హనమురా బెనియోకు, తానెవ్వరిని పెండ్లాడవలెనో తన పుట్టుకకు ముందే, తన తాతగారి కాలముననే నిర్ణయమై పోయినదని ఒకనాడు తెలియవచ్చినది. కత్తిసాములో మగపిల్లలకు తీసిపోక, వంటలోను కుట్టుపనిలోను ఎవ్వరికిని సాటిరాక, మగనిని తానే ఎన్నుకొందునని తోడి పిల్లల యెదుట పంతములు పలుకు ఆ బాలికకు ఇంతకంటె పరాభవము మరియొకటి లేదు. వరుడు ఇజూయిన్ షినోబు సేనలో లెఫ్టినెంటు, ప్రభువంశమువాడు, చూడ చక్కనివాడు, ఆమె చేయు ఆగడములకు కోపగింపక పగలబడి నవ్వువాడు. అతనిలో వంక పెట్టుటకు ఏమియు దొరకకపోవుటయే ఆమె కోపమున ఆజ్యము పోసినది.

వాకి యమతో అను రచయిత్రి 'హైకరా-సాన్ గా తోరు' అను ఈ చిత్రకథను కోదాన్షా సంస్థవారి 'షోజో ఫ్రెండ్' పత్రికలో 1975 నుండి 1977 వరకు నడిపి, 1977లో తొలిసారిగా ఈయబడిన కోదాన్షా మాంగా పురస్కారమును బాలికల విభాగమున 'క్యాండీ క్యాండీ'తో పాటు గైకొన్నది. పిల్ల వలదన్నది గనుక ఇక ప్రేమ గెలుచునా, పెద్దరికము గెలుచునా యని వేచియుండు పాఠకుని యెదుట ఆమె ఒక పాతకథను విప్పినది. ఈ సంబంధము ధనము గోరి కుదిర్చినది కాదు. హోదా గోరి కుదిర్చినదియు కాదు. షినోబు నాయనమ్మ తన పడుచుదనమున వలచినది బెనియో తాతగారిని. ఆమె రాజాస్థానపు ప్రభువుల యింటి ఆడపడుచు. అతడు షోగునుల కొలువునకు చెందిన కుటుంబమువాడు. మెయిజి పరివర్తనపు కల్లోలమున ఆ రెండు వర్గములును ఎదురెదురుగా నిలిచినప్పుడు, ఆ యిరువురును విడిపోవుచు, తమకు దక్కనిది తమ సంతతికైనను దక్కవలెనని బాస చేసికొనిరి. బిడ్డల తరమున అది పొసగక, మనుమల తరమునకు వచ్చి పడినది.

కాగా బెనియో నెత్తిన పడిన కర్తవ్యము నిజమునకు ఒక వృద్ధురాలి యౌవనకాలపు కోరిక. ఇంటి ధర్మమనియు, సొంత వాంఛ యనియు మనము ఎదురెదురుగా నిలిపి తూచుచుండు రెండును వేరువేరు పదార్థములు కావనియు, వయసు మీరిన వాంఛయే పలుమారు ధర్మము వేషమున పిన్నల వాకిట నిలుచుననియు ఈ కథ సూచించుచున్నది. దాని వెనుక వచ్చిన మాంగాలలో చిరకాలము నిలిచినవానిని ఈ వెలుగున చదివినచో, పెండ్లిచూపుల కథ పిల్లకును పెద్దలకును నడుమ పోరాటముగా గాక, ఎవరి కోరిక ఎవరికి అప్పుగా సంక్రమించినదను లెక్కగా కానవచ్చును.

మధ్యవర్తి చేతిలోని పటము

జపానువారి పెండ్లిచూపులను ఒమియాయి అందురు. దీనికి సూత్రధారి నకోదో, అనగా సంబంధము కుదుర్చు పెద్దమనిషి. అతడు బంధువు కావచ్చును, తండ్రికి పై యధికారి కావచ్చును, లేదా ఊరిలో నలుగురి మంచిచెడ్డలు ఎరిగిన యొక పెద్ద ఇల్లాలు కావచ్చును. మొదట ఛాయాచిత్రములు చేతులు మారును. దళసరి అట్టల నడుమ అతికిన పటమున పిల్ల పొడుగు చేతుల ఫురిసోదే కిమోనో ధరించి, మేను కొంచెము ప్రక్కకు త్రిప్పి నిలిచియుండును. దానికి తోడు త్సురిగాకి అను పత్రమున చదువు, కొలువు, తల్లిదండ్రుల వృత్తి, తోబుట్టువుల వివరములు, తీరికవేళల వ్యాపకములు వరుసగా వ్రాయబడియుండును. ఇంతలో ఇరుప్రక్కలవారును చాటుగా ఆరాలు తీయుదురు: ఆ యింట వంశపారంపర్యమైన వ్యాధి గలదా, అప్పులు గలవా, పిల్లలలో నెవరైనను పేరు చెడగొట్టుకొనిరా యని.

ఈ ఆరాల పర్వమును తనిజకి జునిచిరో 'ససమేయుకి' నవలలో చిత్రించినంత విపులముగా మరియెవ్వరును చిత్రింపలేదేమో. ఓసాకా వర్తకుల యింటి నలుగురు అక్కచెల్లెండ్రలో మూడవదియైన యుకికోకు ముప్పదేండ్లు దాటవచ్చుచున్నను సంబంధము కుదురదు. ఒకటి వచ్చును, ఆరాలు తీయబడును, ఏదో యొక లోపము బయటపడును, అది తప్పిపోవును. అక్క పెండ్లి కానిదే చెల్లెలికి పెండ్లి కాగూడదు గనుక నాల్గవదియైన తయెకో బ్రతుకు నడిమింట నిలిచిపోవును. 1943లో పత్రికలో మొదలైన ఈ నవలను యుద్ధకాలమునకు తగదని సైన్యాధికారులు ఆపించిరి. అది సంపూర్ణముగా వెలువడుటకు 1948 దాక పట్టినది. ఒక కన్యకు వరుని వెదకు కథలో రాజ్యద్రోహ మేమున్నదో గాని, ప్రాణములర్పింపవలసిన దేశకాలములయందు కిమోనోల రంగులను గూర్చియు, చెర్రీపూల విహారములను గూర్చియు అంత తీరికగా చెప్పుటయే పాలకుల కంటికి నేరమై తోచినది.

పటములు నచ్చి, ఆరాలు ముగిసిన పిదప చూపులు. మన వైపున మగపెండ్లివారు పిల్ల యింటికి పోవుదురు. అక్కడ చాలవరకు ఇరుపక్షములును మూడవ చోట, ఏ పెద్ద హోటలులోనో, తోటగల ఖరీదైన భోజనశాలలోనో కలిసికొందురు. పెద్దలు వాతావరణమును గూర్చియు, స్వగ్రామములను గూర్చియు మాటలాడుదురు. పిల్ల వంచిన తల ఎత్తదు. కొంతసేపటికి నకోదో లేచి, ఇక పిన్నలిద్దరును అలా తోటలో తిరిగివచ్చిన బాగుండునని పలికి, తక్కినవారిని వెంటగొని తప్పుకొనును. మాంగా చిత్రకారులకు అత్యంత ప్రియమైన ఘట్టమిది. కొలనులో చేపలు, రాతివంతెన, నీరు నిండి వంగి ఒలికిన వెదురుగొట్టము తిరిగి వెనుకకు వాలి రాతిని తాకిన టక్కుమను చప్పుడు, ఆ తరువాత మాటలు లేని రెండు మూడు గళ్ళు. చిత్రకథ తప్ప మరియే ప్రక్రియయు ఆ యిబ్బందిని అంత చౌకగాను, అంత సూటిగాను చూపజాలదు.

వలదనుటకు ఇరువురకును హక్కున్నది; ఆ మాటను నకోదో మెత్తని పలుకులలో చుట్టి చేరవేయును గనుక ఎవరి ముఖమును చిన్నబోదు. ఏర్పాటు కాగితము మీద నిర్దోషముగనే యున్నది. కాని ఆ నకోదో తండ్రికి జీతమిచ్చువాడైనప్పుడో, ఇంటి అప్పు తీర్చదలచినవాడైనప్పుడో, వలదను మాట పెదవి దాటదు. 1898 నాటి పౌరస్మృతి ఈ మౌనమునకు శాసనబలము నిచ్చినది: పెండ్లికి గృహయజమాని సమ్మతి వలయును; పురుషునకు ముప్పది, స్త్రీకి ఇరువదియైదు సంవత్సరములు నిండువరకు తల్లిదండ్రుల అనుమతియు వలయును. సమురాయి కుటుంబముల ఆచారము ఆ విధముగా రైతునకును వర్తకునకును కూడ చట్టమైనది. బెనియో ఎదిరించినది ఒక తండ్రిని కాదు, ఒక రాజ్యవ్యవస్థను.

ఒక లేఖ, ఒక గ్రంథము, ఒక భూకంపము

ఆ కాలమున ఎదిరించినవారు చిత్రకథలలోనే కాక వార్తాపత్రికలలోను కలరు. 1911లో హిరత్సుక రైచో 'సెయితో' పత్రికను స్థాపించి, 'క్రొత్త స్త్రీ' యను పేరును నిందగా విసరినవారి చేతినుండి దానినే బిరుదముగా గైకొన్నది. అదే సంవత్సరమున, తైషో చక్రవర్తికి వరుసకు సోదరియైన కవయిత్రి యనగివర బ్యకురెన్‌ను, ఆమెకంటె ఇరువదియైదేండ్లు పెద్దవాడైన క్యూషూ బొగ్గుగనుల ధనికుడు ఇతో దెన్‌యెమోనున కిచ్చి పెండ్లి చేసిరి. పదేండ్లు గడచినవి. 1921 అక్టోబరులో ఆమె భర్తను విడిచి మియజకి ర్యూసుకె అను యువకుని చేరుటయే గాక, భర్తకు వ్రాసిన విడాకుల లేఖ అసాహి పత్రికలో అచ్చై లోకమెల్ల చదివినది. భర్త ప్రత్యుత్తరము ప్రత్యర్థి పత్రికలో వెలువడినది. ఆమె తన ప్రభువంశపు హోదాను కోల్పోయినది. ఆమె సోదరుడు ప్రభుసభలో తన స్థానమును విడువవలసివచ్చినది. ఒక స్త్రీ కోరికకు ఒక వంశము చెల్లించిన వెల యిది.

ఆ సంవత్సరముననే క్యోతో విశ్వవిద్యాలయపు ఆంగ్లాచార్యుడు కురియగవ హకుసోన్, ప్రేమలేని వివాహము వివాహమే కాదను వాదముతో పత్రికలో వ్యాసపరంపర నడపెను. అది గ్రంథమై వెలువడగనే యువజనులు ఎగబడి కొనిరి. 1923 సెప్టెంబరు 1వ తేదీన కాంతో మహాభూకంపము సంభవించినప్పుడు ఆయన కమకురలో నుండి, సముద్రము పొంగి వచ్చిన యలలకు లోనై మరణించెను. వాకి యమతో తన కథను ముగించుటకు ఎన్నుకొన్నది ఆ భూకంపమునే.

ఈ నేపథ్యమున బెనియో కథ ఎట్లు నడుచునో చూడవలెను. వధువునకు తగిన నడవడి నేర్చుటకై ఆమె ఇజూయిన్ భవనమున ప్రవేశించునప్పుడు, ఆమె మనసున ఉన్న యుపాయము ఒక్కటే: ఎన్ని యల్లరి పనులు చేసియైనను వారి నోటనే 'ఈ పిల్ల వలదు' అనిపించుట. ముసలి ప్రభువు మండిపడును. పరిచారికలు తలలు పట్టుకొందురు. నాయనమ్మ మాత్రము, తన యౌవనమున తాను నిలుపుకొనలేకపోయిన ధైర్యమును ఈ పిల్ల కన్నులలో చూచుచున్నట్లు, ఓర్పుతో మురియును. తన కోరికను ఆమె దాచలేదు. వంశగౌరవమను పెద్ద మాట తొడుగలేదు. తాను వలచిన కథను తానే చెప్పినది. బెనియో మెత్తబడుటకు ఆజ్ఞ కంటె ఆ యొప్పుకోలే యెక్కువ పనిచేసినదని తోచును. ఏ షినోబును వలదన్నదో అతనినే ఆమె వలచినది. పెద్దలు నిర్ణయించినవాడు గనుక తిరస్కరింపవలెనను పంతము కూడ ఒక విధముగా పెద్దలకు లొంగియుండుటయే యని ఆమె గ్రహించినది.

రచయిత్రి ఇంతటితో సరిపెట్టలేదు. షినోబు సైబీరియా దండయాత్రకు పోయి మరణించినట్లు వార్త వచ్చును. బెనియో జుట్టు కత్తిరించుకొని, మరి పెండ్లి చేసికొననని సూచించు తెల్లని శోకవస్త్రములు ధరించి, పెండ్లియే కాని యింటికి కోడలై నిలుచును. క్షీణించిన ఆ యింటిని పోషించుటకై ఒక చిన్న పత్రికా కార్యాలయమున ఉద్యోగమునకు పోవును. తాళిబొట్టు వంటి కట్టుబాటేదియు ఆమెకు లేదు. వెళ్ళిపోయినను అడుగువారు లేరు. ఆనాటి చట్టము కోరినదానికంటె ఎక్కువ ధర్మమును ఆమె తన యిచ్ఛతో చేసినది. షినోబు జ్ఞాపకము కోల్పోయి, ఒక రష్యను ప్రభ్వి భర్తగా తిరిగివచ్చుట, పత్రికాధిపతి ఆవొయె తోసెయితో బెనియో వివాహము జరుగుచున్న దినముననే భూమి కంపించుట మొదలగు సంఘటనలు నేటి పాఠకునకు నాటకీయముగా తోచవచ్చును. కాని బలవంతముగా మీద పడిన మాటను తన మాటగా మార్చుకొన్న పిల్ల కథగా దీని పట్టు నేటికిని సడలలేదు.

కుక్క కడుపుతో నున్నది

యుద్ధానంతరము శాసనము మారినది. 1946 ఫిబ్రవరిలో నూతన రాజ్యాంగపు ముసాయిదా తయారగుచుండగా, బాల్యము టోక్యోలో గడపి జపాను స్త్రీల పెండ్లిళ్ళను చిన్ననాటనే కన్నులార చూచిన బెయాతె సిరోతా అను ఇరువదిరెండేండ్ల యువతి ఒక నిబంధనను వ్రాసినది. అదే నేటి 24వ అధికరణమునకు మూలము. వివాహము స్త్రీపురుషు లిరువురి సమ్మతి మీద మాత్రమే ఆధారపడునని దాని సారాంశము. 1948 ఆరంభమునుండి నూతన పౌరస్మృతి అమలులోనికి వచ్చి, గృహయజమాని యధికారము రద్దయినది. 1957 వేసవిలో కరుయిజవ టెన్నిస్ మైదానమున యువరాజు అకిహితో ఒక వ్యాపారి కుమార్తెయైన మిచికోను చూచుటయు, 1959లో వారి వివాహము జరుగుటయు, దేశమునకంతటికిని ప్రేమవివాహమును మర్యాదగల సంగతిగ చేసినవి. 1960ల రెండవ యర్ధమున, ప్రేమించి చేసికొన్న పెండ్లిళ్ళ సంఖ్య కుదిర్చిన పెండ్లిళ్ళ సంఖ్యను దాటినది.

చట్టము తొలగినంత మాత్రమున ఇంటిలోని ఒత్తిడి తొలగునా? 1980 నుండి 1987 వరకు 'బిగ్ కామిక్ స్పిరిట్స్' పత్రికలో తకహాషి రుమికో నడిపిన 'మెజోన్ ఇక్కోకు' ఈ ప్రశ్నకు నవ్వుచు బదులు చెప్పినది. ఒతోనషి క్యోకో ఒక పాత అద్దెయింటి నిర్వాహకురాలు. తల్లిదండ్రులు వలదన్నను తన యుపాధ్యాయుని పెండ్లాడి, కొలది నెలలకే వితంతువైన పడుచు. ఆమెను ప్రేమించువా రిద్దరు: పరీక్షలు తప్పిన పేద విద్యార్థి గొదాయి యూసకు ఒకడు, సంపన్నుడు, టెన్నిస్ శిక్షకుడు మితక షున్ మరియొకడు. మితకకు ఉన్న లోపమెల్ల కుక్కలనిన ప్రాణభయము. అతని యింటి పెద్దలలో నొకడు పూర్వపు ప్రభువుల యింటి కన్య కుజో అసునాతో ఒమియాయి ఏర్పాటు చేయును. ఆ కన్యకు లోకమున కుక్కలకంటె ప్రియమైనది లేదు.

మితక వలదనదలచును, పెద్దవాని మొగము చూచి మెత్తగా చెప్పును, మెత్తగా చెప్పిన మాట ఆ యింట ఎవ్వరికిని వినబడదు. ఇక్కడ తకహాషి నడిపిన యొక్క ఘట్టము చూడుడు. ఒకరాత్రి అతడు త్రాగి, ఒడలెరుగక పడి, తెల్లవారి లేచునప్పటికి అసునా ప్రక్కననే యుండును. ఏమి జరిగినదో అతనికి జ్ఞాపకము లేదు. కొంతకాలమునకు గర్భవార్త యొకటి అతని చెవిని పడును. చెప్పినది అసునా పెంపుడు కుక్క 'సలాద్' సంగతి; కారకుడు, అంత భయమున్నను మితక పెంచుకొన్న కుక్క 'మెకెన్రో'. మితక మాత్రము గర్భిణి అసునాయే యనుకొని, మొగము పాలిపోయి, మగవాని బాధ్యత యని గుండె దిటవు చేసికొని, వివాహ ప్రస్తావము తెచ్చును. కడుపుతో నున్నది కుక్క యని తెలియువేళకు మాట నలుగురిలోను పాకిపోయినది. వెనుకకు తీసికొన వీలులేదు.

పాఠకుడు పడిపడి నవ్వును. నవ్విన పిదప నొచ్చుకొనును. ఏలయన, పెద్దలెవ్వరును బలవంతము చేయలేదు, చట్టము బలవంతము చేయలేదు; కర్తవ్యమను భావము అతని లోపలనే యుండి, అబద్ధపు వార్త యొక్కటి తగులగనే అతనిని పట్టి పెండ్లిపీటల మీద కూర్చుండబెట్టినది. ఇంతకు తలవంచుకొని, అడిగినదానికి తప్ప బదులు పలుకక, పెద్దలు కూర్చుండుమన్న చోట కూర్చుండు అసునాయే తన కోరికను సాధించుకొన్నది. ఆమె మితకను మనసార వలచినది; విధేయత ఆమెకు ముసుగు కాదు, త్రోవ. తక్కినవారు విధేయులై కోరికను చంపుకొనుచుండగా, ఆమె విధేయురాలై కోరికను బ్రతికించుకొన్నది.

క్యోకో యింట మరియొక లెక్క. తల్లి మితకయే తగిన వరుడని పట్టుబట్టును. తండ్రి కూతురు మరల పెండ్లియే చేసికొనరాదని కన్నీరు పెట్టుకొనును. తల్లి దానిని కూతురి భవిష్యత్తనును. తండ్రి దానిని కూతురి క్షేమమనును. తల్లికి నలుగురిలో తలయెత్తుకొని తిరుగవలెనని యున్నది; తండ్రికి కూతురు తన కన్నుల యెదుటనే యుండవలెనని యున్నది. ఈ రెండును వారి వారి కోరికలే. క్యోకో ఎవ్వరి మాటను వినక గొదాయిని వరించినది. ఆమె గతభర్తను మరువనవసరము లేదని, ఆ జ్ఞాపకముతో సహా ఆమెను స్వీకరింతునని గొదాయి ఆతని సమాధి యెదుట నిశ్చయించుకొనుట ఈ గ్రంథమునకు శిఖరము. పాత బంధమును త్రెంచుమని అడుగని ప్రేమయే ఆమెకు కావలసియుండెను.

కక్షగా మారిన కోరిక

తీరని కోరిక పిన్నలకు వరముగా వచ్చుటయు కలదు, కక్షగా వచ్చుటయు కలదు. రెండవ దానికి ఈనాటి యుదాహరణము అగితోగి అకుమి రచించిన 'వతాషి నో షియవసే నా కెక్కోన్', అనగా 'నా ఆనందమయ వివాహము'. దీని మాంగా రూపమును కోసక రితో 2018 చివరనుండి గీయుచున్నది. 2023లో ఇది చలనచిత్రముగను, అనిమే ధారావాహికగను వెలువడి, జపాను వెలుపలను పెక్కుమందిని ఆకర్షించినది. కాలము మెయిజి తైషో యుగములను పోలిన కల్పితకాలము. కొన్ని వంశములకు అతీంద్రియ శక్తులు కలవు. ఆ శక్తులు నిలుపుకొనుటకే పెండ్లిళ్ళు కుదుర్చుదురు. సైమోరి మియోకు అట్టి శక్తి పొడచూపదు. సవతితల్లి కనోకో, చెల్లెలు కాయా ఆమెను దాసిగ చూతురు. తండ్రి చూచియు చూడనట్లుండును.

ఆ తండ్రి క్రౌర్యమునకు మూలము వెదకినచో ఒక పాత పెండ్లి కనబడును. అతడు పడుచుదనమున వలచినది కనోకోను. వంశశక్తి కొరకు పెద్దలు అతనికి కట్టబెట్టినది మియో తల్లిని. ఆమె మరణించిన పిమ్మట అతడు తన ప్రియురాలిని తెచ్చుకొన్నాడు గాని, పోగొట్టుకొన్న సంవత్సరముల బాకీని ఆ తల్లి బిడ్డ వద్ద వసూలు చేయుచున్నాడు. ఇజూయిన్ నాయనమ్మకును ఇతనికిని తగిలిన దెబ్బ ఒక్కటే. ఆమె దానిని నోరార చెప్పుకొని మనుమల కాశీర్వచనముగా మార్చినది. ఇతడు ధర్మము నెరవేర్చితినని మిన్నకుండి, లోపల కుళ్ళి, ఆ విషమును ఇల్లెల్ల చల్లినాడు.

మియోను సేనాధికారి కుదో కియోకా యింటికి పంపుదురు. అతనికి వధువుగా వచ్చినవారెవ్వరును మూడు దినములైన నిలువలేదని లోకప్రసిద్ధి. అది పెండ్లి యనుటకంటె ఇంటినుండి తరిమివేయుట యనవచ్చును. తొలి ఉదయమున ఆమె తెల్లవారకముందే లేచి వంట చేయును. ముందు నీవు తినుమని కియోకా అనును. యజమాని యెదుట తినుట యెరుగని ఆ పిల్ల తటపటాయించును. విషము కలిపితివా యని అతడు ముట్టక లేచిపోవును. మరునాటి ఉదయము అతడు మరల కూర్చుండి, రుచి చూచి, బాగున్నదని ఒక్క మాట యనును. మియో కన్నులవెంట నీరు ధారగా కారును. గళ్ళలో వడ్డనపళ్ళెము, అన్నము తిను పుల్లలు, వంగిన మెడ తప్ప మరేమియు లేవు. ఎన్నేండ్లుగనో తన చేతి వంటకు మంచి మాట వినని పిల్ల యని పాఠకునకు వేరుగ చెప్పనవసరము లేదు. కుదిర్చిన పెండ్లి ఇక్కడ చెర కాదు, పుట్టినిల్లే చెర.

ఈ కథలో నిజమైన ధర్మసంకటము మియోకు గాక తత్సుయిషి కోజికి పట్టినది. చిన్ననాటినుండి ఆమెను ప్రేమించినవాడతడు. ఆ యింట ఆమెతో మంచిగ మాటలాడినవాడు అతడొక్కడే. తన తండ్రి కాయాను పెండ్లాడుమని ఆజ్ఞాపింపగా తల వంచినాడు. మియోను దూరము పంపుచుండగా చూచుచు నిలిచినాడు. తండ్రి చెప్పిన వంశధర్మము వెనుక మియో రక్తమున నిద్రించు శక్తిని తన యింటికి తెచ్చుకొనవలెనను దురాశ యున్నదని అతనికి తెలియువేళకు ఆమె ప్రాణము మీదికి వచ్చినది. అప్పుడతడు పరుగెత్తి కియోకాను సాయమడిగినాడు. విధేయత సుగుణమని నమ్మి పెరిగినవానికి, ఆజ్ఞ ఎవరి లాభము కొరకో అడుగక తల వంచుట దోషమని తెలియుటకు అంత కాలము పట్టినది. ఆ ప్రశ్న ముందే అడిగియుండినచో అతని కథ వేరుగ నుండెడిది.

చూపులు తగ్గినవి, కథలు పెరిగినవి

1930లలో జపాను పెండ్లిళ్ళలో నూటికి సుమారు 69 ఒమియాయి వలన జరిగినవి. 2010ల నాటికి అవి నూటికి అయిదింటి చుట్టుప్రక్కలకు దిగినవి. మొత్తము పెండ్లిళ్ళే తగ్గిపోయి, 2023లో 5 లక్షలకు దిగువకు వచ్చినవి. ఆచారము అంతరించుచున్న వేళ ఆ యాచారపు కథలు ఇంత ఆదరణ పొందుట వింతగా తోచును గాని, కారణము లేకపోలేదు. 2008లో యమద మసహిరో, షిరకవ తోకో అను ఇరువురు ప్రచురించిన గ్రంథము 'కొన్‌కాత్సు' అను మాటను ఇంటింటి మాటగ చేసినది; ఉద్యోగము వెదకినట్లు తనకు తానే వరుని, వధువును వెదకికొనవలసిన శ్రమకు అది పేరు. స్వేచ్ఛ దొరికినది, దానితోపాటు తన్ను తాను నిత్యము ఎన్నికకు నిలుపుకొనవలసిన బడలికయు వచ్చినది. ఆ బడలికలో నున్న పడుచు పాఠకులకు, పంపినచోటనే ఒక మంచి మాట కాచుకొని యుండు మియో కథ ఎంత యోదార్పో ఊహింపవచ్చును.

మధ్యవర్తియు పూర్తిగా పోలేదు, రూపు మార్చుకొన్నాడు. 2024లో టోక్యో నగరపాలక ప్రభుత్వమే ఒక పెండ్లిసంబంధముల యాప్‌ను నెలకొల్పి, చేరగోరువారు అవివాహితులమని ధ్రువపత్రమును, ఆదాయమునకు రుజువును చూపవలెనని నియమించినది. త్సురిగాకి పత్రము చేతి ఫోనులోనికి వచ్చినదన్న మాట. ఇంటి పట్టును సడలిపోలేదు. నేటికిని దంపతులు ఒకే యింటిపేరు పెట్టుకొనవలెనని జపాను చట్టము శాసించుచున్నది. నూటికి సుమారు తొంబదియైదుగురు భార్యలే తమ పేరును వదలుకొనుచున్నారు. 24వ అధికరణము ప్రతిజ్ఞ చేసిన సమానత్వము ఆ యొక్క కాగితము వద్ద ఆగిపోయినది.

ఈ మూడు కథలలో మూడు తీర్పులు కలవు. కోరికను కోరికగా ఒప్పుకొన్న ఇజూయిన్ యింట, వచ్చిన పిల్ల ధర్మమును తానే ఎత్తుకొన్నది. కోరికలన్నియు మర్యాద మాటున నడచిన మితక యింట, ఒక కుక్క గర్భము పెండ్లి నిర్ణయించినది. కోరికను ధర్మమని మోసగించుకొన్న సైమోరి యింట, ఒక బిడ్డ బాల్యము కాలిపోయినది. పెద్దలు సంబంధము చూచుట తప్పని వీనిలో ఏ రచయిత్రియు అనలేదు. తమ యాసను ఎదుటివారి ధర్మముగా వ్రాసియిచ్చుటయే తప్పని మువ్వురును నిరూపించినారు. మన యిండ్లలోను సంబంధములు చూచు వేళ యిదే. పటము బల్లమీద పెట్టునప్పుడు, ఇది నీ కర్తవ్యమని పలుకక, ఇది నా కోరిక యని చెప్పుడు. వలదనుటకు ఆ పిల్లకు గల హక్కును కూడ ఆ నోటనే, ఆ పూటనే చెప్పుడు.